తొలి సెమిస్టర్ రైటింగ్ కోర్సుకు జొటేరో: పనికొచ్చేది ఎంత, దెబ్బతీసేది ఎక్కడ

ఆన్‌లైన్ కాలేజీలో మొదటి సెమిస్టర్ రైటింగ్ కోర్సు తీసుకున్నవాళ్లకు ఊరికే మార్కులు పోయే చోటు ఒకటుంది: మూలాలు చూపించే దగ్గర. వాదన బాగానే ఉంటుంది, భాషా ఫరవాలేదు. కానీ వ్యాసంలో పేరెత్తిన రచయిత చివరి జాబితాలో కనిపించడు. జాబితాలో ఉన్న పుస్తకం వ్యాసంలో ఎక్కడా ఉండదు. ఒక ఎంట్రీలో ఏడాది బ్రాకెట్లలో, ఇంకోదాంట్లో చివర. తరగతి గదిలో అయితే పక్కవాడి కాగితం చూసో, టీచర్ని ఆపి అడిగో సరిచేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో తప్పు జరిగిందని తెలిసేది గ్రేడ్ వచ్చాకే. ఈ బరువు దించడానికి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ జొటేరో. రైటింగ్ కోర్సు చదివేవాళ్లకి అది ఎంతవరకు అక్కరకొస్తుందో, ఎక్కడ పట్టించుకోకపోతే ముంచుతుందో చూసే సమీక్ష ఇది.

తీర్పు ముందే చెప్పేస్తాను. పెట్టుకోండి, అదీ మొదటి వారంలోనే. పేపర్ ఇవ్వాల్సిన వారంలో పెట్టుకుంటే సాయం కన్నా తలనొప్పే ఎక్కువ. రెండో మాట: జొటేరో రిఫరెన్స్‌ని (మూలం వివరాలని) కోర్సు అడిగే స్టైల్, అంటే రాసే పద్ధతి ప్రకారం అమరుస్తుంది తప్ప అందులో ఉన్న వివరం నిజమో కాదో దానికి తెలియదు. రికార్డులో రచయిత పేరు తప్పుంటే, ఆ తప్పు పేరునే ముచ్చటగా ఇటాలిక్స్, కామాలతో సహా అచ్చువేసి పెడుతుంది.

ఇది 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌గా మొదలైంది. పట్టు సాధించడం అనే అర్థమిచ్చే ఆల్బేనియన్ మాటలోంచి ఆ పేరు తీసుకున్నారు. ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా విడి ప్రోగ్రామ్‌గా నడుస్తుంది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, కోడ్ అందరికీ తెరిచే ఉంది.

పెట్టుకోవాల్సినవి రెండు. ఒకటి ప్రోగ్రామ్, రెండోది బ్రౌజర్‌లో ఉండే కనెక్టర్. వర్డ్ ప్లగిన్ ప్రోగ్రామ్‌తోనే వస్తుంది. వర్డ్ మూసి మళ్లీ తెరిస్తే పైన జొటేరో ట్యాబ్ కనిపించాలి. గూగుల్ డాక్స్‌లో రాసేవాళ్లకి ఆ మెనూ కనెక్టర్ ద్వారా వస్తుంది కాబట్టి కనెక్టర్ లేని బ్రౌజర్‌లో డాక్యుమెంట్ తెరిస్తే మెనూ ఉండదు. "ప్లగిన్ మాయమైంది" అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

మూలాన్ని లోపలికి తెచ్చే పని సుఖంగా ఉంటుంది. వ్యాసం ఉన్న పేజీ తెరిచి కనెక్టర్ బొమ్మ నొక్కితే రచయితలు, శీర్షిక, జర్నల్, సంపుటి, పేజీలు, డీఓఐ (వ్యాసానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) అన్నీ వచ్చి పడతాయి. అనుమతి ఉంటే పీడీఎఫ్ కూడా వస్తుంది. ఆ బొమ్మను ఒకసారి గమనించండి. జర్నల్ వ్యాసమైతే కాగితంలా, పుస్తకమైతే పుస్తకంలా మారుతుంది. ఫలితాల జాబితా అయితే ఫోల్డర్‌లా కనిపిస్తుంది. వెబ్‌పేజీ బొమ్మ మాత్రమే ఉంటే, ఆ పేజీలోంచి పెద్దగా వివరాలు దొరకలేదని అర్థం. ఇక రచయిత, తేదీ మీరే నింపాలి. డీఓఐ గానీ పుస్తకాలకుండే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ గానీ చేతిలో ఉంటే మంత్రదండం బొమ్మ నొక్కి ఆ నంబర్ ఇస్తే చాలు, మిగతా రికార్డు అదే తెచ్చుకుంటుంది.

గూగుల్ స్కాలర్ ఫలితాల పేజీ నుంచే నేరుగా సేవ్ చేయడం చాలామందికి అలవాటు. చేయొద్దని నా సలహా. అక్కణ్నుంచి వచ్చే రికార్డుల్లో డీఓఐ లాంటి వివరాలు లేకుండా పోతుంటాయి. ఒక్క క్లిక్ ఎక్కువైనా ప్రచురణకర్త పేజీకి వెళ్లి అక్కణ్నుంచి సేవ్ చేయండి. కాలేజీ లైబ్రరీ లాగిన్ ద్వారా డేటాబేస్‌లు తెరిచేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. కనెక్టర్ ఆ ప్రాక్సీని (లైబ్రరీ మీదుగా సైట్‌కి వెళ్లే దారిని) గుర్తుపట్టి, ఇకముందు ఆ సైట్‌కి లైబ్రరీ దారిలోనే తీసుకెళ్లాలా అని అడుగుతుంది. ఒప్పుకోండి. క్యాంపస్ మొహం చూడకుండా చదివేవాళ్లకి రోజూ కలిసొచ్చేది ఇదే. లైబ్రరీ లాగిన్ గడువు తీరిపోతే మాత్రం రికార్డు వచ్చి పీడీఎఫ్ రాకపోవచ్చు. మళ్లీ లాగిన్ అయి ప్రయత్నించడమే.

ఇప్పుడు అసలు విషయం, రికార్డు సరిచూసుకోవడం. మూలానికి రెండు నిమిషాలు పట్టే ఈ పని ఎగ్గొట్టినవాళ్లే తర్వాత జొటేరోని తిడతారు.

మొదట సంస్థ పేరు. రచయిత స్థానంలో వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ ఉందనుకోండి. జొటేరోలో రచయితకు ఇంటిపేరు, పేరు అని రెండు గళ్లుంటాయి. సంస్థ పేరు ఆ రెండు గళ్లలో చీలిపోతే చివరి జాబితాలో "ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్." అని పడుతుంది. ఆ పేరు పక్కనున్న చిన్న బటన్ నొక్కి ఒకే గడికి మార్చాలి. ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న రచయితలకీ ఇదే పద్ధతి.

తర్వాత శీర్షికలోని పెద్ద అక్షరాలు. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) స్టైల్లో వ్యాసం పేరులో మొదటి అక్షరం, కోలన్ తర్వాతి అక్షరం, విశేష నామాలు తప్ప మిగతావన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి. జర్నల్ పేరు మాత్రం పెద్ద అక్షరాలతోనే. వెబ్ నుంచి వచ్చే శీర్షికల్లో ప్రతి మాటా పెద్ద అక్షరంతో ఉండటం మామూలే, స్టైల్ ఎంచుకున్నంత మాత్రాన జొటేరో వాటిని దించదు. శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి సెంటెన్స్ కేస్‌కి మార్చండి. మార్చాక దేశాల పేర్లు, మనుషుల పేర్లు కూడా చిన్న అక్షరాలైపోయాయేమో కళ్లతో చూసుకోండి. కోర్సు ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) స్టైల్ అడిగితే అప్పుడు పెద్ద అక్షరాలు అదే వేసుకుంటుంది కాబట్టి లైబ్రరీలో ఎప్పుడూ సెంటెన్స్ కేస్‌లోనే దాచడం మంచిది.

మూడోది డూప్లికేట్లు. ఒకే వ్యాసాన్ని రెండుసార్లు సేవ్ చేసి, వ్యాసంలో ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండోది వాడితే, జొటేరో అవి అదే రచయిత అదే ఏడాది రాసిన రెండు వేర్వేరు వ్యాసాలనుకుంటుంది. సైటేషన్‌లో, అంటే వాక్యం పక్కన మూలాన్ని చూపే బ్రాకెట్లో, 2021ఎ, 2021బి అని ప్రత్యక్షమవుతాయి. ఎడమ పక్కనున్న డూప్లికేట్ ఐటమ్స్ తెరిచి రెండింటినీ కలిపేస్తే సరి. దీనికి తోబుట్టువు లాంటి సమస్య ఇంకోటుంది. ఒక రికార్డులో రచయిత పూర్తి పేరు, మరోదాంట్లో పొడి అక్షరాలు మాత్రమే ఉంటే, ఇద్దరూ వేరు మనుషులనుకుని సైటేషన్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరాలు తగిలిస్తుంది. "ఒక్క సైటేషన్‌లోనే ఇలా ఎందుకొచ్చింది" అని తలపట్టుకునేవాళ్లు స్టైల్ని అనుమానిస్తారు, తప్పేమో రికార్డులో ఉంటుంది. రెండుచోట్లా పేరు ఒకేలా రాసి రిఫ్రెష్ నొక్కండి.

వర్డ్‌లో సైటేషన్ పెట్టడం నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. వాక్యం చివర ఫుల్‌స్టాప్‌కి ముందు కర్సర్ పెట్టి, యాడ్ సైటేషన్ నొక్కి, రచయిత పేరు కొట్టి ఎంచుకుంటే అయిపోయింది. అయితే అక్కడ కనిపించే బుడగ మీద మళ్లీ క్లిక్ చేస్తే ఇంకో చిన్న పెట్టె తెరుచుకుంటుంది, కొత్తవాళ్లు దాన్ని చూడరు. పేజీ నంబర్ ఇవ్వడం, రచయిత పేరు దాచడం అక్కడే ఉన్నాయి. వాక్యంలో రచయిత పేరు మీరే రాసేసినప్పుడు బ్రాకెట్లో ఏడాది మాత్రమే ఉండాలి, అందుకు ఆ పేరు దాచే ఆప్షన్ వాడాలి. నేరుగా కోట్ చేసినప్పుడు ఏపీఏకి పేజీ నంబర్ తప్పనిసరి, ఆ నంబర్ మీరిస్తేనే వస్తుంది. కోట్ 40 పదాలు లేక అంతకన్నా ఎక్కువుంటే కొటేషన్ గుర్తులు తీసేసి, విడి పేరాగా లోపలికి జరిపి రాయాలన్న నియమాన్నీ జొటేరో అమలు చేయదు, అది మీ పనే. ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువమంది రచయితలుంటే మొదటి పేరు తర్వాత "ఎట్ ఆల్" (మరికొందరు) అని వేయడం మాత్రం అదే చూసుకుంటుంది.

వర్డ్‌లో కనిపించే సైటేషన్ మీద నేరుగా టైప్ చేసి సరిదిద్దొద్దు. అది మామూలు అక్షరాలు కాదు, వెనక జొటేరో రికార్డుకి ముడిపడి ఉంటుంది. తప్పుంటే రికార్డులో దిద్ది రిఫ్రెష్ చేయాలి. చివరి జాబితాకీ ఇదే వర్తిస్తుంది, చేత్తో దిద్దినవి తర్వాతి రిఫ్రెష్‌కే కొట్టుకుపోతాయి. అందుకే అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ (ఒక్కో మూలం కింద వ్యాఖ్య రాసే జాబితా) అసైన్‌మెంట్‌కి ప్లగిన్ వాడకండి. జొటేరోలోనే మూలాలన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి 'క్రియేట్ బిబ్లియోగ్రఫీ ఫ్రమ్ ఐటమ్స్' తీసుకుని, స్టైల్ ఎంచుకుని క్లిప్‌బోర్డ్‌కి కాపీ చేయండి. వర్డ్‌లో పేస్ట్ చేశాక ఒక్కో ఎంట్రీ కింద మీ వ్యాఖ్య రాసుకోండి. ఇది ముడిలేని మామూలు టెక్స్ట్ కాబట్టి రాసింది రాసినట్టే ఉంటుంది.

రైటింగ్ కోర్సు వాళ్లకి నా దృష్టిలో జొటేరో ఇచ్చే అన్నిటికన్నా విలువైనది సైటేషన్ కాదు, పీడీఎఫ్ రీడర్. 2022లో వచ్చిన ఆరో వెర్షన్‌తో అది లోపలే భాగమైంది. చదువుతూ రంగులతో హైలైట్ చేయొచ్చు, పక్కన వ్యాఖ్య రాయొచ్చు. ఒక్కో రంగుకి ఒక్కో పని అప్పగించండి: రచయిత వాదనకి పసుపు, ఆధారానికి ఆకుపచ్చ, ఉన్నదున్నట్టు కోట్ చేయదగ్గ మాటకి నీలం, ఒప్పుకోలేనిదానికి ఎరుపు. 'యాడ్ నోట్ ఫ్రమ్ యానొటేషన్స్' నొక్కితే హైలైట్లన్నీ పేజీ నంబర్లతో సహా ఒక నోట్‌లోకి చేరతాయి. నోట్‌లో సైటేషన్ మీద నొక్కితే పీడీఎఫ్‌లో సరిగ్గా ఆ పేజీకే తీసుకెళ్తుంది.

ఉచ్చు కూడా ఇక్కడే ఉంది. ఆ నోట్‌లోకి వచ్చేవి రచయిత మాటలు. వాటిని డ్రాఫ్ట్‌లోకి లాక్కుని, కొటేషన్ గుర్తులు తీసేసి, నాలుగు పదాలు మార్చేస్తే అది పారాఫ్రేజ్ (సొంత మాటల్లో చెప్పడం) అవదు. ఒక నమూనా వాక్యం కల్పించుకుందాం: "గడువు దూరంగా ఉన్నప్పుడు రాయడం తేలికని, దగ్గరపడ్డాక కష్టమని విద్యార్థులు అనుకుంటారు, నిజానికి దూరంగా ఉన్నప్పుడే మొదలుపెట్టడం కష్టం." దీన్ని "గడువు దూరంలో ఉన్నప్పుడు రాత సులువని, సమీపించాక కఠినమని స్టూడెంట్లు భావిస్తారు, వాస్తవానికి దూరంలో ఉన్నప్పుడే ప్రారంభించడం కఠినం" అని రాస్తే ఎముకలగూడు అదే, చొక్కా మారిందంతే. కింద సైటేషన్ ఉన్నా దీన్ని ప్యాచ్‌రైటింగ్ అంటారు, మార్కులు కోస్తారు. "విద్యార్థుల అంచనా తలకిందులైందని రచయిత వాదన: చేతిలో రోజులు ఎక్కువున్నప్పుడే తొలి వాక్యం పడటం కష్టం" అంటే అది మీ వాక్యం. దానికీ సైటేషన్ కావాలి, ఆలోచన మీది కాదు కాబట్టి. చేయాల్సిందల్లా ఒకటే: హైలైట్ చేసిన వెంటనే పీడీఎఫ్ నుంచి కళ్లు తిప్పుకుని, అర్థమైనది వ్యాఖ్య పెట్టెలో సొంత మాటల్లో రాయడం. నోట్ తయారైనప్పుడు రచయిత మాట, మీ మాట పక్కపక్కనే వస్తాయి. డ్రాఫ్ట్‌లోకి మీ మాటనే తీసుకెళ్లండి.

లోపాల విషయానికొస్తే, ఫైళ్ల సింక్‌కి ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ. రికార్డులు, నోట్లకి పరిమితి లేదు, పీడీఎఫ్‌లకే ఈ లెక్క. ఒక్కో పీడీఎఫ్ రెండు ఎంబీ అనుకున్నా 150 వ్యాసాలు పడతాయి, ఈ స్థాయి కోర్సుకి ధారాళం. స్కాన్ చేసిన పుస్తక అధ్యాయాలు పెడితే మాత్రం త్వరగా నిండిపోతుంది. స్థలం మిగుల్చుకుందామని జొటేరో డేటా ఫోల్డర్‌ని డ్రాప్‌బాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టకండి. ప్రోగ్రామ్ వాడుతుండగానే అవి ఆ డేటాబేస్ ఫైల్‌ని కదిలిస్తే అది పాడైపోయి లైబ్రరీ మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. బ్యాకప్ కావాలంటే జొటేరో మూసి, ఆ ఫోల్డర్‌ని విడిగా కాపీ చేసుకోండి.

గూగుల్ డాక్స్‌లో ఇది వర్డ్‌లో ఉన్నంత గట్టిగా ఉండదు. సైటేషన్ ఉన్న పేరాని ఒక డాక్యుమెంట్ నుంచి మరోదానికి కాపీ చేస్తే ముడి తెగిపోవచ్చు. పీర్ రివ్యూ కోసం భాగస్వామితో డ్రాఫ్ట్ పంచుకునే కోర్సుల్లో ఇది ఇబ్బందే. డ్రాఫ్టులు విడివిడి ఫైళ్లలో రాసి కలపకుండా, మొదటి నుంచీ ఒకే ఫైల్లో నడపండి.

ఒక మెచ్చుకోలు కూడా చేర్చాలి. ప్రచురణ తర్వాత వెనక్కి తీసుకున్న పరిశోధన మీ లైబ్రరీలో ఉంటే జొటేరో ఎర్రగా హెచ్చరిస్తుంది. ఇందుకు అలాంటి పరిశోధనల లెక్క ఉంచే రిట్రాక్షన్ వాచ్ డేటాని వాడుతుంది. మూలాల విశ్వసనీయత అంచనా వేయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న విద్యార్థికి ఆ ఎర్ర గీత పెద్ద అండ.

సబ్మిట్ చేసే రోజు చేయాల్సింది ఈ వరసలో. ముందు రిఫ్రెష్. తర్వాత డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో స్టైల్ కోర్సు అడిగినదేనా అని చూడండి. ఏపీఏ అయితే 2019లో వచ్చిన ఏడో ఎడిషన్ ఎంచుకోండి. ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసి, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కండి. ముడి తెగాక మళ్లీ కలపడం కుదరదు, అసలు ఫైల్‌లో చేశారంటే టీచర్ దిద్దమన్నప్పుడు సైటేషన్లన్నీ మొదటి నుంచి పెట్టుకోవాల్సిందే. అన్‌లింక్ చేసిన కాపీలో రిఫరెన్స్ జాబితాని పైనుంచి కిందికి ఒక్కో ఎంట్రీగా చదివి, సంస్థల పేర్లు, పెద్ద అక్షరాలు, తేదీలు మరోసారి చూసుకుని అప్‌లోడ్ చేయండి.