పదిహేనేళ్ల అనుభవమున్న డేటాబేస్ ఇంజినీర్‌ని పెట్టుకున్నాం: ఏడాదిన్నర తర్వాత

విజయవాడలో మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ మాది. మొత్తం తొమ్మిది మందిమి. ఆ ఇంజినీర్‌కిచ్చే జీతంతో ఇద్దరు కుర్రాళ్లు వస్తారని మా పార్ట్‌నర్ ఇప్పటికీ గొణుగుతాడు. పైగా ఆయన పాత కంపెనీలో 90 రోజుల నోటీసు అయ్యేదాకా ఎదురుచూశాం.

నా లెక్కలో ఆ డబ్బంతా ఒక్క మధ్యాహ్నంలోనే వచ్చేసింది. నెలాఖరు రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతోందో చూడమంటే ఆయన ఇంకేదో చూస్తూ, "బిల్లు ఐటమ్‌ల టేబుల్లో ఐడీ ఇంటీజరేనాండీ? 208 కోట్లు దాటింది" అన్నారు. నవ్వాను. ఐడీ అంటే ఒక్కో వరసకి పడే నంబరు, మా టేబుల్లో ఉన్న వరసలే 9 కోట్లు. ఆయన నవ్వలేదు. మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఇంటీజర్ (పూర్ణసంఖ్య) రకం కాలమ్ 2,14,74,83,647 దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఒక్క బిల్లు కూడా పడదు.

షాపులో నెట్ పోయి వచ్చినప్పుడల్లా మా యాప్ ఆ రోజు బిల్లులన్నీ మళ్లీ పంపుతుంది. ముందే ఉన్న బిల్లయితే కమాండ్‌లో మేం పెట్టిన 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్' అనే షరతు దాన్ని వదిలేస్తుంది, కానీ ఐడీలకు నంబర్లిచ్చే సీక్వెన్స్‌లో ఒక నంబరు మాత్రం ఖర్చయిపోతుంది. అది మళ్లీ వెనక్కి రాదు. రోజుకు 15 లక్షల నంబర్లు అలా పోతున్నాయి. మిగిలింది నెలన్నర. ఆ కోడ్ రాసింది, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, నేనే.

కాలమ్‌ని నేరుగా బిగింట్‌గా (ఇంకా చాలా పెద్ద సంఖ్యలు పట్టే రకం) మార్చేద్దామన్నాను. అలా చేస్తే టేబుల్ మొత్తం తిరగరాయాలి, అంతసేపూ టేబుల్‌కి లాకే, బిల్లులు పడవు అన్నారు. పక్కన కొత్త కాలమ్ పెట్టి, కొత్త బిల్లు పడగానే దాన్నీ దానంతటదే నింపే ట్రిగ్గర్ కట్టి, పాతవాటిని రాత్రిళ్లు పదేసి వేలు చొప్పున నింపారు. పదకొండు రాత్రులు పట్టింది. ఒక ఆదివారం తెల్లవారుజామున కాలమ్‌ల పేర్లు మార్చేశారు. ఒక్క షాపు నుంచీ ఫోన్ రాలేదు.

మొదటి నెలలో ఆయన వల్ల రిపోర్టులు పరుగెడుతున్నాయని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. అది ఒక్క ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) మహిమ. ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని ఎలా నడుపుతుందో డేటాబేస్ ఇచ్చే వివరం) చదవడం వచ్చుంటే మా కుర్రాడే పెట్టేవాడు. ఇంకోటి, చిన్న మార్పుకైనా రెండు రోజులు చూడందే ఒప్పుకోరు. ఆఫీసులో ఆయన పేరు స్పీడ్ బ్రేకర్. నేర్పే ఓపికా తక్కువే.

మాది నాలుగేళ్లుగా పేరుకున్న డేటా, అదీ నా కోడ్ పుణ్యమా అని. మీ టేబుళ్లు ఇంకా లక్షల్లోనే ఉంటే, వారానికి కొన్ని గంటలు చూసిపెట్టే మనిషి చాలేమో. మొన్న జీతం పెంచమని అడిగారు. నేను సరే అన్నాను, పార్ట్‌నర్ ఇంకా ఏమీ తేల్చలేదు.