ఎస్ఎమ్‌పీఎస్ టెస్టర్: పీజీ అంకె చేసిన మేలు

కంప్యూటర్‌లోని భాగాలకు కరెంటు అందించే పెట్టె ఎస్ఎమ్‌పీఎస్, అంటే పవర్ సప్లై, బాగుందో లేదో చూసే ఈ టెస్టర్‌లో నాకు నచ్చింది వోల్టేజీలు చూపడం కాదు, ఆ పని ఏ మల్టీమీటరైనా చేస్తుంది. నచ్చినదల్లా తెర మూలన పీజీ (పవర్ గుడ్) అని కనిపించే చిన్న అంకె. వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చాయని సప్లై మదర్‌బోర్డుకు కబురు పంపడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది చెబుతుంది. 100కూ 500కూ మధ్య ఉంటే సరి. ఆ కబురు అందకపోతే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు, నింద బోర్డు మీద పడుతుంది.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఉన్న మా జిరాక్స్ దుకాణంలో సరిగ్గా ఇదే జరిగింది. చలికాలం ఉదయాల్లో ఒక పాత కంప్యూటర్ పదేపదే స్విచ్ వేస్తే గాని లేచేది కాదు, మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు పనిచేసేది. మెకానిక్ వచ్చి, ర్యామ్ పిన్నులు రబ్బరుతో రుద్ది, వేరే ర్యామ్ కూడా పెట్టి చూసి, "బోర్డు పోయింది మాస్టారూ, మార్చేసుకోండి" అన్నాడు. మర్నాడు షట్టర్ ఎత్తగానే, రాత్రంతా చల్లబడిన సప్లైకి 24 పిన్నుల కనెక్టర్ ఊడదీసి టెస్టర్ తగిలించాను. 12, 5, 3.3 వోల్టులన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. పీజీ అంకె మాత్రం వెలిగి ఆరుతూ బీప్ కొట్టింది. కంప్యూటర్‌ను కొంతసేపు నడిపి, సప్లై వేడెక్కాక మళ్లీ చూస్తే అదే అంకె బుద్ధిగా నిలబడింది. సప్లై లోపల కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లు ఎండిపోతుంటే చలికి ఇంకా మొరాయిస్తాయి. ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది కనుక సప్లైని నేను విప్పను, మెకానిక్కే విప్పాడు. రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి, ఒకదాని మొదట్లో గోధుమరంగు మరక గట్టిపడి ఉంది. సప్లై మార్చాం, ఆ బోర్డు నేటికీ నడుస్తోంది.

అయితే అప్పట్లో నలుగురికీ చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. టెస్టర్ సప్లై మీద వేసే భారం నామమాత్రం. ఆల్బమ్ పనులు చేసే మా మరో కంప్యూటర్ పని బరువెక్కగానే దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే, ఈ టెస్టర్ దాని సప్లైకి అన్నీ బాగున్నాయనే చూపింది. పని నడుస్తుండగా పసుపు తీగ, నల్ల తీగల మధ్య మల్టీమీటర్ పెట్టినప్పుడే 12 వోల్టుల లైను, ఉండవలసిన కనీస హద్దు 11.4 కన్నా కిందికి జారడం కనిపించింది.

నాలాగా పాత డెస్క్‌టాప్‌లు నాలుగైదు నెట్టుకొచ్చేవారికి ఇది అక్కరకు వస్తుంది. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నవారికి దీనితో పనే లేదు. కొన్ని బ్రాండెడ్ కంప్యూటర్లలో 24 పిన్నుల బదులు సొంత కనెక్టర్లు ఉంటాయి, వాటికి ఇది నేరుగా తగలదు. మా దగ్గర అలాంటిది ఒకటి ఉంది, దానికి ఇప్పటికీ మల్టీమీటరే.