టీవీనే మానిటర్‌గా వాడుకోవాలంటే ఏది మేలు?

పగలు కంప్యూటర్ పనికీ, రాత్రి వార్తలకూ సినిమాలకూ ఒకే తెర సరిపోతుందా, సరిపోయేటట్లయితే టీవీ కొనాలా మానిటర్ కొనాలా అని అడిగేవారు నాకు తరచుగా ఎదురవుతున్నారు. వారిలో ఎక్కువమంది రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ ఇంటినుంచే పనిచేసేవారు. రెండు తెరలకు డబ్బు సర్దుకోగలిగినా చోటు సర్దలేనివారు. నేనూ ఆ కోవలోనివాడినే. తెలుగు పుస్తకాల పేజీలు కట్టడం, ప్రూఫులు దిద్దడం నా వృత్తి కాబట్టి రోజుకు ఆరేడు గంటలు అక్షరాలనే చూస్తూ గడుపుతాను. అందువల్ల ఈ పోలికలో నా తూకం అక్షరం వైపే మొగ్గుతుందని ముందే ఒప్పుకుంటున్నాను. ఆటలకోసం కొనేవారికి ఇందులో కొంత చాదస్తంగా తోచవచ్చు.

నిజంగా పోటీలో నిలిచేవి మూడు: 32 అంగుళాల మామూలు టీవీ, 43 అంగుళాల 4కే టీవీ, రిమోటూ ఓటీటీ యాప్‌లూ ఉండే స్మార్ట్ మానిటర్. ఇదివరకు మొదటిదానికీ రెండోదానికీ మధ్య పన్నులోనే తేడా ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు మించిన టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగడంతో ఆ తేడా పోయింది. కాబట్టి చిన్నదానికి పన్ను తక్కువన్న పాత లెక్కతో ఇప్పుడు కొనడం సరికాదు.

చవకగా వస్తుందని నేను మొదట కొన్నది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ. ఈ కొలతలో మన దుకాణాలలో కనిపించేవాటిలో ఎక్కువభాగం ఇవే. వీటి తెరపై అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే బిందువులు) ఉంటాయి. అంటే అంగుళానికి 49 మాత్రమే. ఆఫీసులలో ఉండే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు అంగుళానికి 92 ఉంటాయి. పది అడుగుల దూరంనుంచి సినిమా చూసేటప్పుడు ఈ లోటు తెలియదు. బల్లమీద పెట్టుకొని డెమ్మీ సైజు పుస్తకం పేజీని నిండుగా చూడాలనుకున్నప్పుడు తెలుస్తుంది. మెనూలు, టాస్క్‌బార్ పోగా మిగిలే 650 వరుసలలో ఎనిమిదిన్నర అంగుళాల పేజీని ఇరికిస్తే, 11 పాయింట్ల అక్షరం ఎత్తుకు దక్కేవి పన్నెండు పిక్సెళ్లకు మించవు. అందులో తలకట్టుకు, గుడికి, అక్షరానికి పోగా కిందనున్న ఒత్తుకు మూడో నాలుగో మిగులుతాయి. ఇంగ్లీషు ఆ కొద్దిపాటిలో బతికిపోతుంది కాని తెలుగు బతకదు. 'అర్థం'కూ 'అర్ధం'కూ ఉన్న తేడా అంతా ఒత్తు కడుపులోని ఒక్క చుక్క. ఆ చుక్కకు ఒక పిక్సెల్ కూడా దక్కని తెరమీద దిద్దిన ఒక సంస్మరణ సంచికలో 'అర్ధశతాబ్దం' కాస్తా 'అర్థశతాబ్దం'గా అచ్చయింది. తప్పు నాదే కాని, ఆ టీవీకి కూడా అందులో వాటా ఉంది.

అదే కొలతలో ఫుల్ హెచ్‌డీ టీవీలు అరుదుగా దొరుకుతాయి. అంగుళానికి 69 పిక్సెళ్లతో అవి పిల్లల చదువుకు, అప్పుడప్పుడూ ఉత్తరం టైపు చేసుకోవడానికి చాలు. అంతకుమించి వాటి గురించి చెప్పవలసింది లేదు.

ఇక 43 అంగుళాల 4కే టీవీ, అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లున్నది. ఇంత పెద్ద తెరను దగ్గరనుంచి చూస్తే అక్షరాలు పగిలినట్లు కనిపిస్తాయని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే దీనికి అంగుళానికి 102 పిక్సెళ్లు వస్తాయి. అంటే ఆఫీసు మానిటర్ కంటే ఇది చిక్కనైన తెర. పైన చెప్పిన డెమ్మీ పేజీని దీనిమీద నిండుగా పెట్టినప్పుడు అక్షరానికి పన్నెండుకు బదులు ముప్పయ్యారు పిక్సెళ్లు దక్కుతాయి, పైగా ఎదురెదురు పేజీలు రెండూ పక్కపక్కన పట్టిన తరువాత కూడా చోటు మిగులుతుంది. అయితే కాగితం మీద కనిపించే ఈ బలం మన కంటిదాకా చేరుతుందా లేదా అన్నది వేరొక విషయంమీద ఆధారపడి ఉంటుంది. నా దృష్టిలో టీవీని మానిటర్‌గా ఎంచుకోవడంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే, కాని దుకాణంలో ఎవరూ దాని ప్రస్తావన తీసుకురారు.

ఆ విషయం రంగుల కుదింపు. టీవీ ప్రసారాలు, ఓటీటీ సినిమాలు, బ్లూరే డిస్కులు అన్నీ 4:2:0 అనే పద్ధతిలో వస్తాయి. వెలుగునీడల వివరం ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంటుంది కాని, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెళ్ల గడికి ఒక్కటే ఉంటుంది. మనిషి కన్ను వెలుగులోని తేడాను పట్టినంత బాగా రంగులోని తేడాను పట్టలేదు కాబట్టి బొమ్మలో ఈ పొదుపు కనిపించదు. అక్షరం దగ్గరకు వచ్చేసరికి కనిపిస్తుంది. తెల్లని పేజీమీద నల్లని అక్షరం కొంతవరకు తట్టుకుంటుంది. అయితే విండోస్‌లో అక్షరాల అంచులను నునుపు చేయడానికి వాడే క్లియర్‌టైప్ రంగులమీదనే ఆధారపడుతుంది కాబట్టి ఆ అంచులు కూడా మసకబారుతాయి. ఎర్రని అక్షరం నీలంమీద ఉంటే చెప్పనక్కరలేదు. ఒత్తులు పక్క పిక్సెళ్లలోకి ఒలికిపోతాయి. నా పనిలో సవరణలన్నీ ఎర్రరంగులోనే ఉంటాయి. కంప్యూటర్ పంపిన రంగును ఏ కుదింపూ లేకుండా, ప్రతి పిక్సెల్‌కూ విడిగా చూపే 4:4:4 పద్ధతిని టీవీ అంగీకరించాలి. మానిటర్లు దీన్ని మామూలుగానే చేస్తాయి. టీవీలలో కొన్ని చేస్తాయి, కొన్ని చేస్తున్నట్లు నటించి లోపల కుదిస్తాయి.

దీనికి తోవ కూడా వెడల్పుగా ఉండాలి. 4కే బొమ్మను సెకనుకు 60 సార్లు కుదింపు లేకుండా పంపాలంటే కంప్యూటర్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎమ్‌ఐ తీగదారిలో 18 గిగాబిట్ల వేగమున్న 2.0 రకం కావాలి. పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉన్నది 10.2 గిగాబిట్ల హెచ్‌డీఎమ్‌ఐ 1.4. దానితో 4కే సెకనుకు 30 సార్లే వస్తుంది కాబట్టి మౌస్ బాణం చేతివెంట రాక ఈడ్చుకుంటూ వస్తుంది. టీవీ చెడ్డదని తిట్టుకునేవారిలో చాలామంది తిట్టవలసింది తమ ల్యాప్‌టాప్ రంధ్రాన్ని. ఆ ల్యాప్‌టాప్‌కు టైప్-సి ద్వారా బొమ్మ పంపే వీలుంటే, 4కేను 60 సార్లు పంపగల అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది.

అన్నీ ఉన్నా చాలా టీవీలు ఆ తోవను మూసిపెట్టి వస్తాయి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో హెచ్‌డీఎమ్‌ఐ డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అన్న పేర్లతో ఉండే అమరికను మనమే తెరవాలి. ఆపైన ఆ ఇన్‌పుట్‌కు పీసీ అని పేరు పెట్టాలి. ఆ పేరు అలంకారం కోసం కాదు, చాలా టీవీలు ఆ పేరును చూసిన తరువాతనే కుదింపు మానుతాయి. సోనీలో గ్రాఫిక్స్ అన్న పిక్చర్ మోడ్ ఈ పని చేస్తుంది. అంచులను కత్తిరించే ఓవర్‌స్కాన్‌ను ఆపివేసి, అక్షరం చుట్టూ తెల్లని ప్రభలా కనిపించే గీత పోయేదాకా షార్ప్‌నెస్ తగ్గించాలి. ఇవన్నీ అయ్యాక విండోస్‌లోని అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో రంగుల పద్ధతి ఆర్‌జీబీ అని, అంటే కుదింపు లేదని, కనిపించాలి. వైసీబీసీఆర్ 420 అనో 422 అనో ఉంటే ఎక్కడో ఒక మెట్టు తప్పినట్లే.

స్మార్ట్ మానిటర్‌కు ఈ తతంగమేదీ లేదు, అదే దాని గొప్పతనం. శాంసంగ్ ఎమ్ వరుస మానిటర్లు, ఎల్‌జీవారి వెబ్‌ఓఎస్ మానిటర్లు ఈ జాతివే. కంప్యూటర్ నిద్రలేస్తే ఇవీ లేస్తాయి. టైప్-సి ఉన్న మోడల్ తీసుకుంటే ఒకే తీగతో బొమ్మ వస్తుంది, ల్యాప్‌టాప్ ఛార్జింగ్ కూడా అవుతుంది. కేబుల్ కనెక్షన్ ఉన్నవారు మాత్రం ఒకటి గమనించాలి. ఎరుపు, తెలుపు, పసుపు తీగల పాత సెట్‌టాప్ బాక్సును దీనికి తగిలించే చోటుండదు. హెచ్‌డీఎమ్‌ఐ ఉన్న బాక్సుకు మారక తప్పదు. వంటింటి చప్పుడును దాటి వార్తలు వినిపించేంత శబ్దం కూడా వీటి స్పీకర్లకు ఉండదు. ఇంటిల్లిపాదీ మంచంమీదా చాపమీదా కూర్చుని చూసే ఇంట్లో 32 అంగుళాలు చిన్నవే. ఒంటరిగా ఉండేవారికి, బల్ల లోతు రెండడుగులకు మించనివారికి నేను సందేహించకుండా దీన్నే చెబుతాను.

అయినా నేను దాన్ని కొనలేదు. 32 అంగుళాల 4కే స్మార్ట్ మానిటర్‌కు అంగుళానికి 138 పిక్సెళ్లు ఉంటాయి. అచ్చు కాగితంలా కనిపిస్తుంది కాని, వంద శాతం పరిమాణంలో మెనూలు చదవలేనంత చిన్నవవుతాయి కాబట్టి విండోస్‌లో 150 శాతానికి పెంచక తప్పదు. కొత్త సాఫ్ట్‌వేర్లు దానికి చక్కగా సర్దుకుంటాయి. తెలుగు ప్రచురణలో పేజీలు కట్టడానికి ఇప్పటికీ వాడుకలో ఉన్న పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్ మాత్రం 2001 నాటితోనే ఆగిపోయింది. అను అనే తెలుగు ఫాంట్లతో కట్టిన పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఈ పెంపును అర్థం చేసుకోలేని ప్రోగ్రామ్ బొమ్మను విండోస్ రబ్బరులా సాగదీస్తుంది, దాంతో 4కే తెరమీద కూడా అక్షరం అలుక్కుపోతుంది. 43 అంగుళాల తెరను వంద శాతం వద్దనే వాడుకోవచ్చు, ఏదీ సాగదు. డీటీపీ పనిలో లేనివారికి ఈ కారణం పట్టదు కాని, నాకు మాత్రం తూకం ఇక్కడే తెగింది.

దీనికి బదులుగా బల్ల మార్చుకోవలసి వచ్చింది. 43 అంగుళాల తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. దాన్ని కనీసం 75 సెంటీమీటర్ల దూరంలో పెట్టకపోతే పై అంచును చూడటానికి రోజంతా మెడ ఎత్తుతూనే ఉండాలి. గోడకు బిగించి బల్లను కాస్త ఇవతలికి జరపడం అన్నిటికంటే సులువు. టీవీ పై అంచు కంటికి కొద్దిగా పైన ఉండేలా, అంటే మేకులు కొట్టే మనిషి అలవాటుగా గుర్తు పెట్టే ఎత్తుకంటే బాగా కిందికి, బిగించమని దగ్గరుండి చెప్పాలి. ఇంత దగ్గరనుంచి చూసినప్పుడు తెర మూలలు మనకు పక్కవాటుగా కనిపిస్తాయి. టీవీ తెరలలో వాడే ప్యానెళ్లు ముఖ్యంగా రెండు రకాలు: వీఏ, ఐపీఎస్. వీఏ ప్యానెల్ అయితే ఆ మూలలు వెలిసిపోయినట్లుంటాయి. ఐపీఎస్ ప్యానెల్‌లో నలుపు అంత గాఢంగా ఉండకపోయినా తెరంతా ఒకే తీరుగా ఉంటుంది. రాత్రి సినిమాకు వీఏ మేలు, పగటి పనికి ఐపీఎస్ మేలు. గంటలు లెక్కపెట్టుకుని నేను ఐపీఎస్ తీసుకున్నాను. ఒకే మోడల్ పేరుతో రెండు రకాల ప్యానెళ్లూ అమ్ముడుపోవడం కద్దు కాబట్టి, డబ్బాలోనుంచి తీసిన టీవీని పక్కనుంచి చూసిన తరువాతే డబ్బు కట్టడం మంచిది.

చిన్న చిన్న చిరాకులు కూడా ఉన్నాయి. ల్యాప్‌టాప్ తెరవగానే టీవీ తనంతట తాను వెలగదు, రిమోట్ వెతుక్కోవాలి. నాలుగు గంటలపాటు రిమోట్ ముట్టకపోతే ఆగిపోయే అమరిక చాలా టీవీలలో ఉంటుంది. దాన్ని తీసివేయకపోతే సరిగ్గా పని మంచి ఊపులో ఉన్నప్పుడే చీకటి పడుతుంది. గేమ్ మోడ్ గాని పీసీ మోడ్ గాని పెట్టకపోతే నొక్కిన అక్షరం తెరమీదికి రావడంలో ఆలస్యం తెలుస్తుంది. సినిమా కోసం పెట్టిన వెలుతురును పగలు సగానికి తగ్గించుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి.

ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీ తెరతో 42 అంగుళాల టీవీలు 2022 నుంచి వస్తున్నాయి. బొమ్మ అద్భుతం, కాని రోజంతా కదలని టాస్క్‌బార్ మచ్చ తెరలో శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నప్పుడు నాబోటి పనివాడు అంత సొమ్ము పెట్టలేడు. 55 అంగుళాల 4కేకు అంగుళానికి 80 పిక్సెళ్లే వస్తాయి కాబట్టి అది హాలులోనే ఉండాలి. ప్రొజెక్టర్ గురించి అడిగినవారికి పగలు కిటికీ మూసుకుంటారా అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఇంట్లో ఇప్పటికే మంచి మానిటర్ ఉన్నవారు ఇవేవీ కొనకుండా హెచ్‌డీఎమ్‌ఐకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తెచ్చుకుంటే చాలు.

దుకాణానికి పెన్‌డ్రైవ్ తీసుకువెళ్లి బొమ్మలు వేయించి చూడటం వల్ల ఉపయోగం లేదు. ఆ బొమ్మను టీవీ తనలోనే చదువుకుంటుంది కాబట్టి హెచ్‌డీఎమ్‌ఐ సంగతి బయటపడదు. ల్యాప్‌టాప్‌నూ తీగనూ వెంటబెట్టుకుని వెళ్లండి. నీలం రంగు నేపథ్యం మీద ఎర్రని అక్షరాలతో, 11 పాయింట్ల పరిమాణంలో 'అర్థం, అర్ధం' అని పదిసార్లు టైపు చేసి, వంద శాతం వద్ద పెట్టి, చేయి చాచినంత దూరంలో నిలబడి చూడండి. నేను అలా చూస్తున్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు రిమోట్ అందుకుని, సార్, దీంట్లో జలపాతం వీడియో చాలా బాగుంటుంది, అది పెట్టనా అని అడిగాడు. నాలుగో టీవీ దగ్గర చుక్క స్పష్టంగా కనిపించింది. అదే బిల్లు రాయించాను.