ఆల్ టెర్రైన్ అని చెప్పి కారు టైర్లు బిగించారు: ఎలక్ట్రిక్ లోడు బండి వాళ్లు చూసుకోండి

ఒడిశాలో సెమిలిగూడ, పొట్టంగి, కొరాపుట్, జయపూర్ వైపు ఎలక్ట్రిక్ మినీ ట్రక్కు నడుపుకుంటున్న మనవాళ్లందరికీ చెబుతున్నా. వానలకి ముందు టైర్లు మార్చే ఆలోచన ఉంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు నాలుగు టైర్లకు 19,600 రూపాయలు, ఒక పూట అల్లం లోడు పోయాయి. సాలూరు దిగే సుంకి ఘాట్‌లో టైరు వంద గజాల ముందే, ఆ మలుపులోనే పేలి ఉంటే ఇంకేం పోయేదో రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాది కూరగాయల రవాణా. కుందులి సంతలో ఎత్తి సెమిలిగూడ, సునాబేడ, కొరాపుట్‌లో దింపుతా. అల్లం సీజన్‌లో సాలూరు కూడా దిగుతా. బండి నాదే, డ్రైవర్నీ నేనే. కంపెనీ వాళ్లు ఇచ్చినవి నిలువు గీతల టైర్లు. తారు రోడ్డు మీద వాటికి వంక పెట్టలేం. కానీ పొట్టంగి దాటాక పరజా గిరిజనుల ఊళ్లలోకి వెళ్లే ఎర్రమట్టి దారుల్లో, వాన పడిన మర్నాడు, వెనక చక్రం సబ్బు మీద తిరిగినట్టు తిరిగేది. పైగా ఈ బండికి వెనక చక్రాలే లాగుతాయి, యాక్సిలరేటర్ వదిలితే మోటారు వెనక్కి పట్టేది కూడా వాటినే. అందుకే 27 వేల కిలోమీటర్లకే వెనకవి రెండూ అరిగి, గీతల మధ్య ఉండే ఆ చిన్న గట్టు, అదే 1.6 మిల్లీమీటర్ల గుర్తు, పైకి తేలిపోయింది. ముందువి ఇంకో పదివేలు వచ్చేవి. అయినా నాలుగూ ఒకేసారి మార్చేద్దాం, ఆల్ టెర్రైన్, అంటే తారుకీ మట్టికీ పనికొచ్చే గళ్ల టైర్లు, వేద్దాం అనుకున్నా. ఆశ నాదే.

ఘాట్ కింద ఆంధ్రా వైపు ఒక షాపుకి వెళ్లా. పేరు రాయను, అడక్కండి. అతను చూపించిన టైరు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. నడుమ గళ్లు, అంచుల్లో బటన్ల లాంటి ముక్కలు, వేలు పెడితే సగం లోపలికి పోతుంది. పక్కన పెద్ద అక్షరాలతో ఎం ప్లస్ ఎస్ అని ఉంది. "ఇదే గుర్తండీ, బురదకి సర్టిఫికెట్" అన్నాడు. తర్వాత తెలిసింది, ఎం ప్లస్ ఎస్ అంటే బురద, మంచు అని తయారీదారుడు తన గళ్ల తీరు చూసి తనే వేసుకునే గుర్తు. ఎవరూ పరీక్ష పెట్టి ఇచ్చేది కాదు. కొండ బొమ్మలో మంచు పువ్వు ఉండే గుర్తుకే పరీక్ష ఉంటుంది, అదీ మంచు మీద పట్టుకి. మన ఎర్రమట్టికి ఆ రెండూ చెప్పేదేమీ లేదు.

"సైజు అదేనా?" అని అడిగా. "అదే సార్, 155, 13 రిమ్ము" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. మోసం అక్కడే ఉంది.

జాకీ సంగతి ఒకటి మధ్యలో చెప్పేస్తా. అక్కడి కుర్రాడు జాకీ తెచ్చి తిన్నగా బ్యాటరీ పెట్టె కింద పెట్టబోయాడు. అరిచి ఆపా. మన బండ్లకి ఛాసిస్ మీద జాకీ పెట్టే చోట్లు వేరుగా ఉంటాయి, మీకొచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. టైర్ల షాపుల్లో చాలామందికి ఎలక్ట్రిక్ బండి ఇంకా కొత్త. టీ తాగడానికి వెళ్లకండి, పక్కనే నిలబడండి.

మొదటి తేడా రేంజిలో, అంటే ఒక ఛార్జికి నడిచే దూరంలో, కనిపించింది. ఫుల్ ఛార్జి మీద నాకు లోడుతో 105 కిలోమీటర్ల దాకా వచ్చేది, కొత్త టైర్లతో 88 దాటలేదు. ఇది మోసం కాదు. గళ్ల టైరు ఏదైనా అంతే. రబ్బరు ముక్కలు రోడ్డు మీద నలుగుతాయి, ఆ నలుగుడుకి కరెంటు ఖర్చవుతుంది. డీజిల్ బండిలో అయితే నెలాఖరు లెక్కలో గానీ తెలియదు, మనకి ఆ రోజు సాయంత్రమే తెలుస్తుంది. కుందులి రెండో ట్రిప్పుకి ముందు ఇంటికెళ్లి గంటన్నర ఛార్జింగ్ పెట్టాల్సి వచ్చేది. మోత ఇంకొకటి. ఇంజిన్ శబ్దం లేని బండి కదా, యాభై దాటితే తేనెతుట్టె పక్కన కూర్చున్నట్టు ఉండేది. మా ఆవిడ ఒకసారి ఎక్కి "ఏదో విరిగింది చూడండి" అంది.

అసలు టెన్షన్ మూడోది. లోడుతో మలుపు తిప్పితే బండి నడుము ఊగేది. స్టీరింగ్ తిప్పిన అరక్షణానికి వెనక భాగం వచ్చేది. గాలి చూస్తే షాపువాడు నాలుగింటికీ 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టాడు. తలుపు పక్క స్టిక్కర్ మీద వెనక టైర్లకు 54 అని ఉంది. కొట్టించా. ఊగుడు తగ్గింది, హమ్మయ్య అనుకున్నా. అది నేను చేసిన రెండో తప్పు. ఆ టైరు పక్కనే సన్నని అక్షరాలతో గరిష్ఠంగా 44 పీఎస్ఐ అని రాసి ఉంది. నేను చదవలేదు. గాలి తక్కువైతే లోడు కింద నలిగి వేడెక్కుతుంది, ఎక్కువ కొడితే దాని శక్తికి మించి బిగుసుకుని గోతిలో పడగానే లోపలి దారాలు తెగుతాయి. ఆ టైరుకి నా బండి మీద సరైన గాలి అంటూ లేనే లేదు.

మూడు వారాలకి, అల్లం బస్తాలతో సాలూరు దిగుతున్నా. సుంకి దగ్గర వరసగా మలుపులు, ఒక చోట తారు లేచిపోయి గొయ్యి. వెనక ఎడమ చక్రం అందులో పడింది. దెబ్బ వీపుకి తగిలింది, అయినా బండి సాగింది. మలుపు దాటి చదును వచ్చాక ఢామ్మని పేలింది. బండి ఎడమకి కుంగి, మట్టి గట్టుకి ఆనుకుని ఆగింది. రెండు బస్తాలు జారి లోయలోకి దొర్లాయి. స్టెప్నీ పాత టైరే, దేవుడి దయ.

టీ బడ్డీ పక్కన పంక్చర్లు వేసే పెద్దాయన వచ్చాడు. నేను కంగారుగా బస్తాలు లెక్కపెట్టుకుంటుంటే ఆయన పేలిన టైరుని ఒళ్లో పెట్టుకుని, తడి గుడ్డతో బురద తుడిచి, అక్షరాల మీద బొటనవేలు జరుపుకుంటూ వెళ్లాడు. "ఏటి బాబూ, ఇది కారు టైరు కదా! లోడు బండికి ఎవులు ఎక్కించారు?" అన్నాడు. వేలు ఆగిన చోట 155/80 ఆర్ 13, దాని పక్కన 79 ఎస్ అని ఉంది. తర్వాత నా స్టెప్నీ తెచ్చి పక్కన పెట్టాడు. దాని మీద 155 ఆర్ 13 ఎల్‌టీ, 8 పీఆర్, 90/88. ఎల్‌టీ అంటే చిన్న లోడు బండి టైరు, పీఆర్ అంటే టైరు పొరల బలం చెప్పే అంకె.

ఆ 79, 90 అనేవే లోడ్ ఇండెక్స్. 79 అంటే ఆ టైరు మోయగలిగేది 437 కిలోలు. 90 అంటే 600 కిలోలు. (గీత పక్కనున్న 88 వెనక ఒక్కో వైపు రెండేసి చక్రాలుండే బండ్లకి, 560 కిలోలు. మన చిన్న బండ్లకి మొదటి అంకె చూస్తే చాలు.) నా ఆర్సీలో లోడుతో కలిపి మొత్తం బరువు 1,840 కిలోలు. వెనక యాక్సిల్ మీద అందులో అరవై శాతం పడిందనుకున్నా 1,100 దాటుతుంది. రెండు కారు టైర్లు కలిసి మోసేది 874. అంటే ఓవర్‌లోడ్ వెయ్యకుండా, ఆర్సీ ప్రకారం వేసిన లోడుకే అవి ప్రతిరోజూ చచ్చి బతుకుతున్నాయన్నమాట. వెడల్పు అదే, రిమ్ము అదే, ఎత్తు కూడా దాదాపు అంతే. కంటికి తేడా తెలియదు.

అంకెలు గుర్తుండవనుకునే వాళ్లకి ఇంకో గుర్తు ఉంది. ఐఎస్ఐ ముద్ర దగ్గర ఉండే నంబరు చూడండి. కారు టైరు మీద ఐఎస్ 15633 ఉంటుంది, లారీలు, లోడు బండ్ల టైర్ల మీద ఐఎస్ 15636. ఆ చివరి అంకె 6 కాకపోతే డబ్బు బయటికి తియ్యకండి. తయారీ తేదీ కూడా టైరు పక్కనే ఉంటుంది, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు. నావి 4821, అంటే 2021లో 48వ వారం. కొన్నది 2025 జూన్‌లో. మూడున్నరేళ్లు గోడౌన్‌లో కూర్చున్న సరుకు "కొత్త స్టాక్" పేరుతో వచ్చింది.

షాపుకి ఫోన్ చేస్తే మొదటి మాట "మీరు ఓవర్‌లోడ్ వేశారు" అని. రెండో మాట "బిల్లు మీద సైజు ఎక్కడుంది?" అని. నిజమే, బిల్లు మీద టైర్లు 4, మొత్తం 19,600 అని తప్ప ఏమీ లేదు. మూడో మాటకి ఒళ్లు మండింది: "మీది ఒడిశా, మాది ఆంధ్రా, కేసు వేస్తే ఇక్కడికి రావాలి." సరిహద్దులో ఉన్నవాళ్లం ఈ మాటకే సగం మంది వెనక్కి తగ్గుతాం. అది తప్పు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, నా విషయంలో కొరాపుట్‌లో. రెండేళ్ల గడువుంది. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని కూడా అంటారు. సొంతంగా నడుపుకుని పొట్ట పోసుకునే వాడికి ఆ అడ్డు లేదు, చట్టంలోనే రాసి ఉంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి చేశా, తెలుగులోనే మాట్లాడారు. పేలిన టైరు, దాని మీది అంకెల ఫోటోలు, ఫోన్‌పే రసీదు దాచుకోవడం మేలైంది. ఫిర్యాదు వెళ్లాక షాపువాడి గొంతు మెత్తబడింది, 8,000 తిరిగి ఇస్తానంటున్నాడు. నేనింకా ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఏం వేశానంటే, నాలుగూ 155 ఆర్ 13 ఎల్‌టీ 8 పీఆరే. ముందు రెండూ మామూలు నిలువు గీతలవి. వెనక రెండింటికీ నడుమ గీత తెగకుండా ఉండి, అంచుల్లో మాత్రమే గళ్లున్నవి దొరికాయి. పూర్తి బటన్ టైర్లంత పట్టు లేదు, ఒప్పుకుంటా. కానీ రేంజి 99 దాకా వస్తోంది, మలుపులో బండి నా మాట వింటోంది. బురదలో కాలు తేలిగ్గా పెడితే చాలావరకు బయటపడుతున్నా. మన మోటారు నిలబడిన చోటే మొత్తం బలం ఇచ్చేస్తుంది కదా, గట్టిగా తొక్కితే ఏ టైరైనా గొయ్యి తవ్వుకుంటుంది. రోజంతా అడవి దారే అయితే ఎల్‌టీలో పూర్తి గళ్లవి వెతుక్కోండి, రేంజి పోతుందని లెక్క వేసుకుని. నాకు పదిలో ఏడు పాళ్లు తారు రోడ్డే.

పోయిన సంతలో నా పక్కనే ఇంకో ఎలక్ట్రిక్ బండి ఆగింది, క్యాబేజీ నిండా. టైర్లు చూడగానే గుర్తుపట్టా, అవే గళ్లు, అదే ఎం ప్లస్ ఎస్. "తమ్ముడూ, ఒక్కసారి పక్కన నంబరు చూడు" అన్నా. కొత్త టైర్లన్నా, నాలుగు రోజులే అయిందన్నా అని నవ్వుతూనే వంగి, బురద బొటనవేలితో తుడిచాడు. నవ్వు ఆగిపోయింది. "79 అని ఉందన్నా" అన్నాడు.