హెచ్‌డబ్ల్యూఇన్ఫో: అంకెలన్నీ చూపిస్తుంది, అబద్ధాలతో సహా

ఏ పనీ చెయ్యకుండా ఊరికే ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్‌లో ఎక్కడో 115 డిగ్రీలు కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. ఆ భయం పుట్టించేదీ, పోగొట్టేదీ కూడా కంప్యూటర్ లోపలి సెన్సర్ల రీడింగులు చూపించే ప్రోగ్రామ్ హెచ్‌డబ్ల్యూఇన్ఫోనే. చిప్ ఏ అంకె చెబితే అది తెరమీద పెట్టేస్తుంది. నిజమో కాదో తేల్చుకోవాల్సింది మనమే.

విండోస్‌లో సొంత వాడకానికి ఇది ఉచితం. తెరిచేటప్పుడు 'సెన్సర్స్ ఓన్లీ' టిక్ పెడితే చాలు. ప్రతి రీడింగ్‌నీ అది వచ్చిన చిప్ పేరు కిందే చూపడం దీని అసలు బలం. మదర్‌బోర్డు మీద వేడి, ఫ్యాన్ల రీడింగులు తీసుకోడానికి చాలావరకు నువోటన్ చిప్పో, ఐటీఈ చిప్పో ఉంటుంది. నువోటన్ కింద 'ఆక్స్‌టిన్' పేరుతో కనిపించే వరసల్లో కొన్నింటికి బోర్డు తయారుచేసినవాళ్లు అసలు థర్మిస్టరే (వేడిని కొలిచే చిన్న భాగం) కలపరు. అలా దేనికీ కలపకుండా వదిలేసిన పిన్ను ఏదో ఒకటి చెబుతుంది: 115 దగ్గర బిగుసుకుపోతుంది, లేదా మైనస్‌లోకి దిగిపోతుంది. 127, -128 కనిపిస్తే ఇంకా అనుమానించాలి, ఎనిమిది బిట్ల లెక్కకు అవే రెండు కొసలు.

పరీక్ష తేలికే. కింద ఉన్న గడియారం బొమ్మ నొక్కి కనిష్ఠ, గరిష్ఠాలు చెరిపేసి, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ను ఐదు నిమిషాలు నడపండి. కోర్ల రీడింగ్ క్షణాల్లో ఎగబాకుతుంది. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ దగ్గరి థర్మిస్టర్ నింపాదిగా వెనక వస్తుంది. అసాధ్యమైన అంకె దగ్గర ఇసుమంతైనా కదలని వరసను రైట్ క్లిక్ చేసి దాచెయ్యండి. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఏ ఫ్యాన్ అయినా దాని మీద ఆధారపడి తిరుగుతోందేమో మాత్రం చూడాలి. ఫ్యాన్ ఎప్పుడూ హోరెత్తుతోందంటే కారణం అదే కావచ్చు.

కావాలని కలిపిన తేడాలూ ఉన్నాయి. ఏఎమ్‌డీ ప్రాసెసర్ రైజెన్ 7 1800ఎక్స్‌లో ఫ్యాన్లను నడిపించడానికి వాడే 'టీకంట్రోల్' రీడింగ్ అసలు వేడి కన్నా 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, 2700ఎక్స్‌లో 10. నమ్మాల్సింది పక్కనున్న, చిప్ అసలు వేడి చూపే 'టీడై'ని. ఇంటెల్ కోర్ సెన్సర్ గరిష్ఠ పరిమితికి ఇంకెంత దూరం ఉందో కొలుస్తుంది కాబట్టి ఆ పరిమితి దగ్గర కచ్చితంగా, చల్లగా ఉన్నప్పుడు కాస్త తప్పుగా చెబుతుంది. గాలితో చల్లబడే కోర్ గదికన్నా చల్లగా కనిపించడం అందుకే.

లోపాలా? చాలా వరసలకు అవేమిటో సరైన వివరణ ఉండదు. బోర్డు కంపెనీ యుటిలిటీ కూడా అదే సమయంలో నడుస్తుంటే రెండూ ఒకే చిప్‌ను అడిగి, ఒక్కోసారి పిచ్చి అంకె వచ్చిపడుతుంది. గరిష్ఠం గడిలో అది అలాగే కూర్చుంటుంది. సగటు 41, గరిష్ఠం 216 అయితే రెండో ప్రోగ్రామ్ మూసి మళ్లీ చూడండి.

అయితే లోడ్ పెట్టిన రెండు మూడు సెకన్లలోనే కోర్లు 100కు చేరి, 'థర్మల్ థ్రాట్లింగ్' (వేడెక్కి వేగం తగ్గించుకోవడం) వరసలో 'యెస్' (అవును) అని పడి, క్లాక్ (ప్రాసెసర్ వేగం) కూడా పడిపోతే అది సెన్సర్ తప్పు కాదు. కూలర్ విప్పండి: స్క్రూ వదులై ఉండొచ్చు, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, కొత్త కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ పొర తియ్యకుండానే బిగించి ఉండొచ్చు.