స్టీర్ రెజ్లింగ్ గుర్రాన్ని చూడాలంటే స్టీఫెన్‌విల్ వెళ్ళండి

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఫోర్ట్‌వర్త్‌లోని పాత పశువుల సంత ప్రాంతం స్టాక్‌యార్డ్స్‌కి వెళ్ళి, పొద్దున 11:30కో సాయంత్రం 4కో పొడుగు కొమ్ముల పశువుల్ని తోలుకెళ్ళడం చూసి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. పిల్లలతో వెళ్తే అది చాలు, టికెట్ కూడా లేదు. అక్కడ కౌటౌన్ కొలీజియం దగ్గరున్న బిల్ పికెట్ విగ్రహాన్ని మాత్రం వదలకండి. పరిగెత్తే కోడె మీదికి దూకి మెడ వంచి పడగొట్టే స్టీర్ రెజ్లింగ్‌కి ఆద్యుడు ఈ నల్లజాతి కౌబాయే. కోడె పెదవిని పళ్ళతో పట్టేసి పడగొట్టేవాడట!

అసలు పోటీ చూడాలంటే జనవరిలో ఫోర్ట్‌వర్త్‌లోనే జరిగే రోడియోకి, డికీస్ ఎరీనాకి వెళ్ళాలి. 2019లో తెరిచిన భవనం, సౌకర్యాలకి వంక పెట్టలేం. కోడెని వదిలే వైపు సీటు తీసుకోండి. మంచి రౌతుకి మూడు నాలుగు సెకన్లలో పనైపోతుంది, గుర్రాన్ని గమనించేలోపే చప్పట్లు మొదలవుతాయి.

అందుకే నాకు బాగా నచ్చింది టెక్సస్‌లోనే ఉన్న చిన్న ఊరు స్టీఫెన్‌విల్ దగ్గర ఒక రాంచ్‌లో చూసిన ప్రాక్టీస్. కోడెకి ఎడమ పక్కన దౌడు తీయాల్సిన లేత ఆడగుర్రం అది. ముందు దాన్ని బాక్స్‌లో, అంటే పరుగు మొదలుపెట్టే ముందు గుర్రం నిలబడే చోట, ఊరికే నిలబెట్టారు. చెవులు గేటు వైపే, ఒళ్ళంతా వణుకు. వణుకు తగ్గాక నడిపించి బయటికి తెచ్చారు, పరుగు లేదు. మళ్ళీ అదే. తర్వాత నెమ్మదస్తుడైన కోడె వెంట తీసుకెళ్ళారు. రౌతు కుడివైపుకి వంగి కొమ్ము ముట్టుకుని, మళ్ళీ జీనులో సర్దుకుని కూర్చున్నాడు. దూడకి తాడు వేసి కట్టే పోటీల్లో రౌతు దిగితే గుర్రం ఆగాలి. ఇక్కడ మాత్రం వీపు ఖాళీ అవుతున్నా ముందుకే పోవాలి. ఆగినా, ఎడమకి తప్పుకున్నా రౌతు నేల మీద పడతాడు. కోడె కుడికి పోకుండా అవతల హేజర్ అనే రెండో రౌతు తన గుర్రంతో కాపు కాస్తాడు. ఆ గుర్రానికీ ఇంతే ఓపిగ్గా నేర్పాలి.

బసకి కూడా నా ఓటు స్టీఫెన్‌విల్‌కే. స్టాక్‌యార్డ్స్‌లో నేను దిగిన హోటల్లో శనివారం రాత్రి వీధి గోలకి నిద్ర లేదు. ఇక్కడి చిన్న మోటెల్ ప్రశాంతంగా ఉంది. శాకాహారులు మాత్రం పులిహోర కట్టుకెళ్ళడం మేలు. రాంచ్‌కి ముందే ఫోన్ చేసి అడగండి. చెప్పకుండా వెళ్తే గేటు తీయరు, తీయకూడదు కూడా. కంచె పక్కన కొత్త మనిషి కదిలినా, నేర్చుకునే గుర్రం బెదురుతుంది.