సైకిల్ తొక్కేటప్పుడు ఏది మేలు: రోడ్డు అంచా, లేన్ మధ్యా?

కొత్తగా సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తున్నవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే. ఎడమ అంచున వెళ్ళాలా, ఎడమ లేన్ మధ్యలో వెళ్ళాలా? హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి రోజూ తొక్కేవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

అంచున వెళ్తే హారన్లు తక్కువ. ఎవరికీ అడ్డం కావట్లేదన్న నిమ్మదీ ఉంటుంది. బండ్లు వేగంగా పోయే వెడల్పాటి రోడ్డు మీద నేనూ ఎడమకే ఉంటాను, అంచుకి రెండు మూడడుగులు వదిలి. ఎందుకంటే ఇసుక, మ్యాన్‌హోల్ మూతలు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు అన్నీ అక్కడే.

టోలిచౌకి లాంటి ఇరుకు చోట్ల మాత్రం లేన్ మధ్యకే వస్తాను. రెండేళ్ళ క్రితం అక్కడే ఆగివున్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. కుడివైపు రోడ్డు మీద పడ్డాను. వెనక ఆటో అతను బ్రేకు వేయబట్టి బతికాను. అంచున ఉంటే వెనకవాడు మన గురించి ఆలోచించడు, పక్కనున్న కాస్త సందులోంచి రాసుకుంటూ పోతాడు. మధ్యలో ఉంటే ఆ సందే ఉండదు. వెనకవాడు స్పీడు తగ్గించాలి, లేదా పక్క లేన్‌లోకి మారి దాటాలి. జంక్షన్‌లో ఎడమకి తిరిగే బస్సుకైనా మనం ముందే కనిపిస్తాం. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

‘సైకిల్‌వాడికి రోడ్డు మధ్యలో ఏం పని’ అని అరిచేవాళ్ళుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు, కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన రోడ్డు మనది కాకుండా పోదు. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ అయితే సైకిల్‌వాళ్ళని 2022 నుంచి ట్రాఫిక్ నెమ్మదిగా ఉన్నచోట, జంక్షన్ల దగ్గర, లేన్ మధ్యలోనే వెళ్ళమంటోంది.

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో తెరిచిన, సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉదయపు వ్యాయామానికి హాయి, నా ఆఫీసు దారిలో లేదు. ఫుట్‌పాత్ నడిచేవాళ్ళది, దాని జోలికి పోవద్దు.

మధ్యకి వచ్చే ముందు వెనక్కి చూసి కుడిచెయ్యి చాపండి. వచ్చాక హారన్ వినగానే అంచుకి జరగొద్దు, అటూ ఇటూ ఊగితే వెనకవాళ్ళకి మన దారి అర్థం కాదు. రోడ్డు వెడల్పయ్యాక నేనే ఎడమకి జరిగి, వెళ్ళమని చెయ్యి ఊపుతాను.